మామ చెప్పులేసుకున్న షాటు

మొన్న టీవీలో పాత సినిమాల ముక్కలు చూపించే కార్యక్రమం ఒకటి వచ్చింది. మరునాడు పొద్దున్నే మా వీధిలో నాటకాలు వేసే కుర్రకారు నలుగురు మా ఇంటికి వచ్చారు. "తాతా, కుర్చీల కూసున్న దొర నువ్వేనా?" అని అడిగారు. నేనే అన్నాను. "నీ ముంగట వంగి మొక్కిన ముసలాయన ఎవలు? ఏం యాక్షన్ జేసిండు తాతా! మేం నెల రోజులు నేర్చుకున్నా గట్ల రాదు," అన్నారు.

ఆయన మా మేనమామ. ఆయన చేసింది యాక్షన్ కాదు. నలభై ఏళ్లు రోజూ చేసి, ఇక చెయ్యనని ఒట్టు పెట్టుకున్న పని. నా కోసం ఇంకొక్కసారి చేశాడు. ఆ మొక్కు తర్వాత ఇంకో షాటు ఉంది. అది ఆ సినిమాలో లేదు, ఏ సినిమాలోనూ లేదు. ఎందుకు లేదో, అందులో నా తప్పెంతో చెప్పడానికే ఇది రాస్తున్నాను. కుర్రాళ్లూ, మీరు నటన నేర్చుకుంటున్నారు కాబట్టి మీకే రాస్తున్నాను. అయితే నటన గురించి ఇందులో పెద్దగా ఏమీ ఉండదు, ముందే చెబుతున్నాను.

మాది దేవరకొండ నుంచి డిండి వైపు పోయే దారిలో ఒక ఊరు. మా నాయిన దొరగారి గడిలో వెట్టి మనిషి. మూట మోయమంటే మోయాలి, కబురు తెమ్మంటే ఇరవై మైళ్లు నడవాలి, కూలి అడగకూడదు. నాయిన పోయాక ఆ పని నా నెత్తిన పడింది. అప్పటికి నాకు మీసాలు వస్తున్నాయి. మామ నన్ను హైదరాబాదు పోయే మోటారు ఎక్కించి, "నువ్వు పో అల్లుడా. నీ వంతు నేను జేస్త," అన్నాడు. అన్నట్టే చేశాడు కూడా, తన వెట్టి, నా వెట్టి కలిపి. నేను హైదరాబాదులో ఒక నాటకాల కంపెనీలో తెరలు లాగుతూ, వేషాలు కడుతూ, ఆఖరికి మద్రాసు చేరాను. కాబట్టి నేను కళ మీద ప్రేమతో సినిమాల్లో చేరానని ఎవరైనా అంటే నమ్మకండి. వెట్టి తప్పించుకోవడానికి చేరాను.

అప్పటి తెలుగు సినిమా చిన్న లోకం. నాలుగు స్టూడియోలు, వాటి చుట్టూ తిరిగే మేమూ. ఒకే మనిషి పొద్దున మునిగా, మధ్యాహ్నం సైనికుడిగా, మర్నాడు బంట్రోతుగా కనబడేవాడు. నేను వెయ్యని వేషం లేదు. రాక్షసుల గుంపులో ఉన్నాను. పుట్టలోంచి తల మాత్రం కనబడే తపస్విగా ఉన్నాను. గుడ్డ ఏనుగుకి వెనక కాళ్లుగా ఉన్నాను. అన్నిటికంటే శవం వేషంలో నాకు మంచి పేరు. ఊపిరి బాగా బిగబట్టగలను. ఈగ వాలినా కదలనని డైరెక్టర్లు చెప్పుకునేవారు. మాటలున్న వేషం మాత్రం ఒక్కటీ రాలేదు. ఒకాయన మొహం మీదే అన్నాడు, "నీ మొహం బాగానే ఉందయ్యా, నోరు తెరిస్తేనే గోలకొండ కనబడుతుంది," అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వితే ఇంకో వేషం దొరుకుతుంది.

ఇక్కడ మా పనిలోని ఒక కిటుకు చెప్పాలి. ముడి ఫిలిం దొరకడం అప్పట్లో గగనం. షూటింగు చూడవచ్చిన పెద్దమనుషులు "నన్నూ ఒకసారి తియ్యండి" అని అడిగితే కాదనలేరు, అలాగని ఫిలిం తగలెయ్యలేరు. అందుకని ఫిలిం లేని కెమెరాని ఊరికే తిప్పేవారు. ఆయన మెడ తిప్పి, మీసం దువ్వి, సంతోషంగా ఇంటికి పోయేవాడు. ఆయన గేటు దాటే దాకా ఆగి మేము పడీ పడీ నవ్వేవాళ్లం. ఆ పనికి ఉత్త తిప్పుడు అని పేరు పెట్టుకున్నాం. అది ఉత్తదో కాదో కనిపెట్టడం మాకు తేలిక. ఫిలిం వెలుగు తగలకుండా డబ్బాలోకి ఎక్కించాలి కదా, కెమెరామన్ దగ్గర చేతులు దూర్చే నల్ల సంచి ఒకటుంటుంది. దాన్లో చేతులు పెట్టి తడుముకుంటూ ఎక్కిస్తాడు. సంచి ముట్టకుండానే కెమెరా తిరిగిందంటే అది ఉత్త తిప్పుడే.

పోలీసు చర్య అయ్యాక వచ్చిన రెండో చలికాలం సంగతి ఇది. మా కంపెనీ డైరెక్టరుకి స్టూడియోలో గుడ్డ మీద రాసిన మేడలు చూసి చూసి విసుగెత్తింది. ఒక జమీందారు కథ తీస్తూ, నిజమైన గడి కావాలన్నాడు. నేను మా ఊరి గడి సంగతి చెప్పాను. జమీందారు వేషానికి కుదిరిన నటుడు ఆ మాట వినగానే, "అటువైపు ఇంకా తుపాకులు పేలుతున్నాయట. నేను రాను బాబూ," అని తప్పుకున్నాడు. డైరెక్టరు నన్ను పైనుంచి కిందికి చూశాడు. "నువ్వు కూర్చుంటే చాలు. మాటలు తర్వాత మద్రాసులో వేరే వాళ్లతో చెప్పిద్దాం. ఇది నిలబడితే రాబోయే బొమ్మల్లో కూడా జమీందారు నువ్వే. తేలిపోయావో, మళ్లీ నీ పాడె నీకుంది," అన్నాడు.

అట్లా వెట్టివాడి కొడుకుకి దొర వేషం వచ్చింది. ఆ వారమంతా నాకు నేల మీద కాలు ఆనలేదు.

ఊరు చేరాక తెలిసింది, నేను వదిలి వెళ్లిన ఊరు కాదది. నేను లేని కాలంలో దొరలకు ఎదురు నిలిచే సంఘం వచ్చింది. ఊరంతా సంఘం వాళ్లు పట్టే గుతుపకర్ర మీద చెయ్యి వేసి, ఇక వెట్టి చెయ్యమని, దొర ముందు వంగమని, నీ బానిసనని చెప్పే బాంచెన్ అన్న మాట నోట రానియ్యమని ఒట్టు పెట్టుకున్నారు. దొర హైదరాబాదు పారిపోయాడు. తర్వాత రజాకార్లు వచ్చి ఇళ్లు తగలబెట్టారు. ఆ తర్వాత మిలిటరీ వచ్చింది, రజాకార్లు పోయారు. మిలిటరీ వెనక పోలీసు క్యాంపు వచ్చింది, క్యాంపు వెనక దొర తిరిగొచ్చాడు. సంఘం మనుషులు కొందరు అడవిలోకి పోయారు, కొందరు జైల్లో పడ్డారు. మామను క్యాంపుకి తీసుకుపోయి, ఆ మాట ఒక్కసారి అని ఇంటికి పొమ్మన్నారట. అనలేదు. వారం తర్వాత ఇంటికి వచ్చినప్పుడు కుడి మోకాలు సరిగా వంగడం లేదు.

దొర ఇప్పుడు గడి పై అంతస్తులో ఉంటున్నాడు. వెట్టికి ఎవరూ పోవడం లేదు, అలాగని ఎదురు తిరిగే ధైర్యమూ లేదు. గడి ముందు నుంచి పోతే చెప్పులు విప్పాలా, వద్దా? విప్పితే ఒట్టు తప్పినట్టు, విప్పకపోతే క్యాంపు. అందుకని ఊరంతా ఆ దారే మానేసి వెనక సందులోంచి తిరిగి పోతున్నారు. గడి ముందు బాట మీద చీలమండ దాకా గడ్డి మొలిచింది.

డైరెక్టరు దొరను కలిసి, మంచి జమీందారు కథండీ, జనం దేవుడిలా కొలుస్తారు అని చెప్పాడు. నేను వెనక నిలబడ్డాను. దొర నన్ను గుర్తుపట్టలేదు, వెట్టివాళ్ల మొహాలు ఎప్పుడైనా చూస్తే కదా. "మంచిది. మొక్కెతందుకు మద్రాసు నుంచి ఎవలనో తెచ్చుడెందుకు? మా ఊరోళ్లనే వెట్టుండ్రి," అన్నాడు. ఆ మాటలో ఆయనకు కావలసింది ఏమిటో నాకు అర్థమైంది. మానేసిన మొక్కు సినిమా పేరుతో మళ్లీ మొదలవుతుంది. అర్థమయ్యీ ఊరుకున్నాను.

మామ ఇంటి ముందు పది మందిని పోగుచేసి సంగతి చెప్పాను. మామ పక్కింటామె, జైల్లో ఉన్న సంఘం మనిషి పెళ్లాం, ముందుగా లేచింది.

"మొక్కుమన్నదెవలు? దొరనా, సిన్మానా?"

"సినిమానే అక్కా. ఉత్తుత్తగ."

"ఉత్తుత్త మొక్కుడు మాకు రాదు. మొక్కితె మొక్కినట్టే," అని కొంగు దులుపుకుని వెళ్లిపోయింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు పోయారు. మిగిలినవాళ్లు మామ వైపు చూశారు.

మామ చుట్ట వెలిగించాడు. "గిది గాకుంటె నీకేమైతది అల్లుడా?" అని అడిగాడు.

"మళ్లీ శవం వేషాలే మామా."

మామ నవ్వాడు. "శవం ఏశం గుడ ఉంటదా! గది మాకు దినాం ఉన్నదే గదరా." తర్వాత నవ్వు ఆపి, "క్యాంపుల మోకాలు ఇరగ్గొట్టినప్పుడు గుడ నేను వంగలే. నువ్వు అడుగుతున్నవ్. నీ వంతు జేస్తనని అన్నోన్ని, గిది గుడ నీ వంతే అనుకుంట," అన్నాడు. "అయితె ఒక్క షరతు. మొక్కుడు ఒక్కపారి తియ్యుండ్రి. దాని ఎన్కనే మేము లేసి నిలబడ్డది గుడ తియ్యాలె. గదే గడిల, గదే దొర ముంగట. బొమ్మల రెండూ పక్కపక్కన ఉండాలె. వంగిందొక్కటే ఉంటె నేను రాను."

నేను పరుగున పోయి డైరెక్టరుకి చెప్పాను. "అలాగేనయ్యా, తీద్దాం, దానికేం భాగ్యం!" అన్నాడు. అన్నంత సులువుగా కెమెరామన్ వైపు తిరిగాడు. కెమెరామన్ రెండు వేళ్లు చూపించాడు, రెండే డబ్బాలు మిగిలాయని. ఒకటి మొక్కుకి, ఒకటి పాటకి. డైరెక్టరు ఒక్క క్షణం ఆలోచించి, "రెండోది ఉత్తది తిప్పితే సరి. వాళ్లకేం తెలుస్తుంది?" అని నా వైపు చూసి కన్ను గీటాడు.

నేను నవ్వాను. పెద్దమనుషులు మీసం దువ్వుకున్నప్పుడు నవ్విన నవ్వే. తరవాత ఎన్నోసార్లు ఆలోచించాను, ఆ పూట నేను చేసిన తప్పు ఏమిటీ అని. వేరే ఏమీ లేదు, ఆ నవ్వే.

మరునాడు పొద్దున గడి వాకిట్లో కెమెరా పెట్టారు. క్యాంపు పోలీసులు వేడుక చూడటానికి వచ్చి గోడ వారగా నిలబడ్డారు. దొర పైన వసారాలో పడక కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. మామ, ఆయనతో ఏడెనిమిది మంది, పూర్వంలాగే చెప్పులు గడి తలుపు బయట విప్పి, గొంగళ్లు భుజం మీంచి తీసి చంకలో పెట్టుకుని లోపలికి వచ్చారు. నన్ను అరుగు మీద నగిషీ కుర్చీలో కూర్చోబెట్టారు. తలకి జరీ రుమాలు, వేళ్లకి అద్దాల ఉంగరాలు. కెమెరామన్ నల్ల సంచిలో చేతులు దూర్చాడు. "సంచిల ఏం పిసుకుతున్నడురా, కోడిపిల్లనా?" అని ఎవరో అంటే అందరూ నవ్వారు. మామ మాత్రం నవ్వకుండా శ్రద్ధగా చూశాడు. ఏ పనైనా అట్లా చూడటం ఆయనకి అలవాటు.

మొదట ఫిలిం తిప్పకుండా ఒకసారి చేసి చూడమన్నారు. మామ నడిచి వచ్చాడు. ఆయన అరుగు దగ్గరికి రాగానే నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"ఏవయ్యా, నువ్వెందుకు లేచావు?" అన్నాడు డైరెక్టరు. పొరపాటైంది అన్నాను. మళ్లీ చేశాం. మళ్లీ లేచాను. మూడోసారి లేవకూడదని కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. మామ కాలు ఈడ్చుకుంటూ వస్తుంటే నా నడుము దానంతటదే లేచింది. స్టేజీ మీద సింహాసనాలు ఎన్నో ఎక్కాను, ఎప్పుడూ ఇట్లా కాలేదు. అవి అట్ట సింహాసనాలు. ఈ అరుగు కింద మా నాయిన పొద్దుగూకేదాకా నిలబడేవాడు. ఈ వాకిట్లో మా ఇంట్లో పుట్టినవాడు కూర్చోవడం నా ఒంటికి తెలియదు. డైరెక్టరు తల కొట్టుకున్నాడు. "నీకు పాడే నయం," అన్నాడు. క్యాంపు వాళ్లు పకపకా నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

మామ కుంటుకుంటూ అరుగు ఎక్కి నా చెవి దగ్గర వంగాడు. "గట్ల గాదు అల్లుడా. నువ్వు నన్ను సూస్తున్నవ్, గందుకే లేస్తున్నవ్. దొర మమ్ముల సూడడు. కుక్కను సూస్తడు, గుర్రాన్ని సూస్తడు, మమ్ముల సూడడు. నా నెత్తి మీదికెల్లి గా తలుపు దిక్కు సూడు." నా తల రుమాలు తనే విప్పి పక్కన పెట్టాడు. "ఇంట్ల రుమాల్ సుట్టడు. కాలు మీద కాలు ఎయ్. ఇగ అసలుది ఇను. మేం వంగినంక లెవ్వుమని అనడు. జరసేపు ఆగుతడు. మరిసిపోయినట్టు ఉంటడు. మా నడుములు గుంజుతయి, సెమట కారుతది. గప్పుడు చెయ్యి ఇట్ల అంటడు. గా ఆగుడే దొర."

నలభై ఏళ్లు ఆయన వంగి చూసిన దొరను పది నిమిషాల్లో నాకు నేర్పాడు. డైరెక్టరు నోరు తెరిచి వింటున్నాడు.

ఈసారి ఫిలిం తిరిగింది. నేను తలుపు వైపు చూశాను. మామ ఆ మోకాలితోనే పూర్తిగా నేలకి వంగాడు. నొప్పికి పళ్లు బిగబట్టిన చప్పుడు నాకు వినబడింది. మాట పైకి అనక్కర్లేదు, పెదవులు కదిపితే చాలని డైరెక్టరు ముందే చెప్పాడు. మామ పెదవులు కదిపాడు, గొంతు రానియ్యలేదు. ఒట్టుని అట్లా కొంతైనా నిలబెట్టుకున్నాడు. నేను ఆగాను. మొన్న టీవీలో మీరు మెచ్చుకున్నది అదే.

డైరెక్టరు ఓకే అన్నాడు. "అందరూ అట్లాగే ఉండండి, ఇప్పుడు లేచేది తీస్తాం!" అని అరిచాడు. కెమెరామన్ డబ్బా తీసి పక్కన పెట్టాడు. ఇంకో ఖాళీ డబ్బా బిగించాడు. నల్ల సంచి ఎండలో ముట్టేవాళ్లు లేక అట్లాగే పడి ఉంది. నేను చూశాను. అప్పుడైనా ఒక్క మాట అంటే సరిపోయేది. మామా, ఇది ఉత్తది, లేవకు అనో, అయ్యా, పాట డబ్బా ఇటు పెట్టండి అనో. నేను దొర వేషంలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాను.

ఆ ఉత్త కెమెరా ముందు మామ ఏం చేశాడో ఆఖరున చెబుతాను. అది అయ్యాక కెమెరామన్ నా దగ్గరికి వచ్చి, "రీలు ఉంటే బాగుండేదయ్యా," అని నేల చూపులు చూస్తూ వెళ్లిపోయాడు.

ఏడాది తిరిగేసరికి బొమ్మ దేవరకొండ టెంటు హాలులోకి వచ్చింది. నేను మద్రాసు నుంచి వచ్చి, మామను, షూటింగులో ఉన్నవాళ్లను రెండు బండ్ల మీద మొదటి ఆటకి తీసుకుపోయాను. మొక్కు వచ్చింది. తెర మీద మామ వంగాడు. పెదవులు కదిలాయి. ఆ పెదవుల మీదికి ఎవరిదో కోస్తా గొంతు, "నీ బాంచెను దొరా, నీ కాల్మొక్తా!" అని టెంటంతా వినబడేట్టు పలికింది.

"గా గొంతు ఎవలిది?" అన్నాడు మామ.

నేను తెర వైపు తిరిగాను. వెంటనే తోటలో పాట మొదలైంది. మామ పాట అయ్యేదాకా ఆగాడు. ఆట అయ్యేదాకా ఆగాడు. దీపాలు వెలిగాక, "లేసింది యాడ వాయె?" అని అడిగాడు.

"సర్కారోళ్లు కత్తిరించిండ్రు మామా," అన్నాను. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందంటే, నా జీవితంలో నేను తడబడకుండా చెప్పిన మొదటి డైలాగు అదే.

మరునాడు పొద్దున తిరుగు దారిలో మామ బండి తోలుతున్నాడు, నేను పక్కన కూర్చున్నాను. సజ్జ చేలు దాటుతుండగా ఎడ్ల మీంచి చూపు తిప్పకుండా అడిగాడు. "రెండోపారి గా నల్ల సంచిల చేతులు వెట్టలే గద?"

ఇక లాభం లేదని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. డబ్బాలు తక్కువున్న సంగతి, ఉత్త తిప్పుడు, నా నవ్వు, అన్నీ. మామ బండిని వాగులోకి తోలాడు. వాగులో ఎడ్లు నీళ్లు తాగుతుండగా నా వైపు తిరిగాడు. ఆయన కోపం నేను చూడటం అదే మొదలు, అదే ఆఖరు.

"దొర నన్ను గడిల ఒక్క కాడనే వంగవెట్టిండురా. నువ్వు టెంటు టెంటుకు వంగవెట్టినవ్. ఇయ్యాల దేవరకొండ, రేపు కల్వకుర్తి, ఎల్లుండి ఇంకోటి. నేను ఇంట్ల పండుకున్నా సరే, ఆడ మొక్కుతనే ఉంట. సచ్చినంక గుడ మొక్కుతనే ఉంట. అంతేనా?"

కాళ్లు పట్టుకోబోయాను. "లే! మొక్కులు సాలు," అని కసిరాడు. ఎడ్లను వాగు దాటించి మళ్లీ తనే అన్నాడు. "నువ్వు ఆడ ఉన్నవ్ గద. సూసినవ్ గద నేను ఏం జేసిన్నో?"

"చూసిన మామా."

"అయితె చెప్పు. గా బొమ్మ యాడ ఆడితె ఆడికి వోయి, మిగిలింది నోటితోని చెప్పు. డబ్బల లేకుంటె నీ నోట్ల ఉండాలె."

చెప్పాను. బొమ్మ పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో తిరిగినంత కాలం, వీలున్న చోటికల్లా పోయి, ఆట వదిలాక జనం ముందు నిలబడి మిగిలింది చెప్పాను. కల్వకుర్తిలో టెంటు మనిషి మెడ పట్టి గెంటాడు. కొల్లాపూర్‌లో రెండుసార్లు చెప్పించుకున్నారు. యాదగిరిగుట్ట జాతరలో ఒకాయన నన్ను హరికథకుడు అనుకుని అరటిపండు చేతిలో పెట్టాడు. సంగతి డైరెక్టరుకి తెలిసింది. ఇస్తానన్న రాబోయే బొమ్మల్లో వేషాలు పోయాయి, నా పాడె నాకు దక్కింది. కొన్నేళ్లకి వేరేవాళ్లు పిలిచి మళ్లీ దొర వేషాలిచ్చారు. మెచ్చుకున్నవాళ్లందరూ నేను ఆగే తీరునే మెచ్చుకున్నారు. అది ఎవరు నేర్పారో ఎవరూ అడగలేదు, అడిగితే చెప్పేవాణ్ణి. ఆ తర్వాత బొమ్మ కాపీలు పాడైపోయాయని విన్నాను, మామ కూడా పోయాడు. ఇక ఎక్కడా మొక్కడు కదా అనుకుని నేను చెప్పడం మానేశాను. మొన్న టీవీలో మళ్లీ వంగాడు. ఈసారి దేశమంతా ఒకేసారి. ఈ వయసులో నేను ఇల్లిల్లూ తిరగలేను. అందుకని రాసి పెడుతున్నాను.

ఆ షాటు ఇది.

డైరెక్టరు ఊఁ అన్నాడు. నేల మీద చేతులు ఆన్చి మామ లేవబోయాడు. మోకాలు ఒప్పుకోలేదు, ఒకసారి పడ్డాడు. పక్కన ఉన్నతను చెయ్యి ఇచ్చాడు. మామ వద్దన్నాడు. మూడోసారికి లేచాడు. దొర ముందు నుంచి పోవాలంటే వెనక్కి వెనక్కి నడిచి పోవాలి, వీపు చూపించకూడదు. మామ నా కుర్చీకి వీపు పెట్టాడు. తిన్నగా తలుపు దాటి బయటికి పోయాడు. డైరెక్టరు, "ఎక్కడికి పోతాడాయన?" అన్నాడు. మామ చెప్పులు వేసుకుని, చంకలోని గొంగడి భుజం మీద వేసుకుని లోపలికి వచ్చాడు. ఆ వాకిట్లో పరిచిన బండల మీద మా వాళ్ల చెప్పుల చప్పుడు నేను వినడం అదే మొదటిసారి. కిర్రు కిర్రుమంటూ, ఒక కాలు ఈడ్చిన చప్పుడుతో. మిగతావాళ్లు కూడా ఒక్కొక్కరే పోయి చెప్పులు వేసుకుని వచ్చి ఆయన వెనక నిలబడ్డారు. క్యాంపు వాళ్లు, సినిమా కదా, నవ్వుతూ చూస్తున్నారు.

మామ అరుగు దాకా వచ్చాడు. నేను లేచాను. "నువ్వు కూసో అల్లుడా, నీ కొరకు గాదు," అన్నాడు మెల్లగా. నా నెత్తి మీంచి చూపు పైకెత్తి, పడక కుర్చీలో ఉన్న దొర వైపు చూశాడు. ఏమీ అనలేదు. ఆగాడు. నాకు నేర్పిన ఆగుడే అది, తొందర లేకుండా, మరిచిపోయినట్టు. ఉత్త కెమెరా తిరుగుతూనే ఉంది. పైన దొర కుర్చీలో అటు కదిలాడు, ఇటు కదిలాడు. తర్వాత లేచి నిలబడ్డాడు. కోపంతో లేచాడో, ఎందుకు లేచాడో నాకు తెలియదు. లేచాడు, లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

షూటింగు అయిన నాలుగో రోజు నేను మద్రాసు ప్రయాణమై, బస్సు కోసం రోడ్డుకి పోతూ గడి ముందు నుంచి నడిచాను. బాట మీద గడ్డి చెప్పుల కింద అణిగిపోయి ఉంది.